పంతొమ్మిదో పోత

వానలో 97వ రోజు

పొద్దున్నే రెండు బుట్టల నత్తగుల్లలు కడిగాను. మట్టి వదిలేదాకా తోమి, పెనం మీద ఆరబెట్టి, రోట్లో దంచేసరికి మధ్యాహ్నమైంది. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. రోకలి ఎడమచేత్తోనే ఎత్తుతున్నాను. మా ఊరు కొండవాలు మీద మెట్లుమెట్లుగా ఉంటుంది; పై మెట్టు నుంచి, లోయ మీద తాడుకు వేలాడుతూ వచ్చే తాడుబండిలో గోగునార నాలుగు కట్టలు దిగింది. పట్టుకుంటే చల్లగా తగిలింది. ఈ వానల్లో చల్లగా లేనిదంటూ ఏముంది?

మూడో మెట్టు ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో విరిగిన ఎముకలకు వేసే ప్లేట్లు పోయడం నా పని. నా పేరు దాలమ్మ. జొన్నపిండి పులియబెట్టి తీసిన బంకలో గోగునార, గుల్లల పొడి కలిపి వేడి అచ్చులో నొక్కితే ప్లేటు తయారవుతుంది. నార బలానికి. పొడి పులుపు విరగడానికి. బంక ఒంట్లో కరిగేటప్పుడు పుల్లటి నీరు వదులుతుంది, అది ఎముకను తినకుండా గుల్లల పొడి అడ్డుకుంటుంది. ప్లేటు ఏడాదిపాటు ఎముకను పట్టి ఉంచాలి, ఎముక అతుక్కున్నాక తనంతట తాను కరిగిపోవాలి. ఓడలు రావడం ఆగిపోయిన కొత్తల్లో, చనిపోయినవాళ్ల ఒంట్లోంచి తీసిన స్టీలు ప్లేట్లను ఉడకబెట్టి బతికున్నవాళ్లకు వేసేవారు. నా చిన్నతనంలో మా అమ్మ మోకాలి కింద అలాంటిదే ఉండేది. అది ఎవరిదో ఆమెకు తెలుసు. ఎప్పుడూ చెప్పలేదు.

ప్రతి పోతలోనూ నాలుగు ముక్కలు ఎవరికీ వెయ్యకుండా దాస్తాను. వాటిని సాక్షి ముక్కలంటాం. ఉప్పునీళ్ల సీసాలో, ఒంటికి ఉండేంత వేడిలో అవి నానుతుంటాయి. పంతొమ్మిదో పోత పోసి ఇవాళ్టికి పదకొండు వారాలు. ఒక ముక్క తీసి చూడాల్సిన రోజు.

తీశాను. పైన నున్నగా ఉంది, పోసిననాడు ఎలా ఉందో అలాగే. రెండు కొసలూ పట్టుకుని వంచాను. గట్టిగా ఎదురు తిరగాలి. తిరగలేదు. మెత్తగా ముడుచుకుని మధ్యలో పగిలింది. లోపల్నుంచి తెల్లగా, చిక్కగా గంజిలాంటిది నా బొటనవేలి మీదికి కారింది. పుల్లటి వాసన.

ఒక ముక్క చెడి ఉండొచ్చు. సీసా మూత వదులై ఉండొచ్చు. రేపు రెండోది తీసి చూస్తాను.

రేపు అని ఎందుకు రాశానో నాకు తెలుసు. ఇవాళ చూసే ధైర్యం లేక.

వానలో 98వ రోజు

రెండోది కూడా అంతే. మూడోదీ అంతే. నాలుగోదాన్ని ముట్టుకోలేదు. డాక్టరుగారికి చూపించడానికి ఒకటైనా మిగలాలి.

ఆ పోత పోసిన రోజు కాగితం తీశాను. వానలో ఇరవయ్యో రోజు. రెండో మెట్టు మీద కొండ చరియ విరిగి ఇళ్ల మీద పడిన రోజు. కాగితం మీద నా చేతిరాత: "నార ఆరబెట్టడం: పూర్తి." కింద నా సంతకం.

అది అబద్ధం. ఇన్నాళ్లూ నాకే గుర్తు లేదన్నట్టు ఉన్నాను, అందుకని ఇక్కడ రాస్తున్నాను. నార ఆరబెట్టే పెట్టెలో నలభై ఎనిమిది గంటలు ఉండాలి. ఆ రోజు నేను పదకొండో గంటకే తీసేశాను. ఎనిమిది మంది ఎముకలు విరిగి వరండాలో పడుకుని ఉన్నారు. డాక్టర్ కూర్మారావుగారు మోచేతుల దాకా రక్తంతో షెడ్డు గుమ్మంలోకి వచ్చి, "దాలమ్మా, అయ్యేయా?" అని అడిగారు. నారను చేత్తో నలిపి చూశాను. పొడిగానే అనిపించింది. అయ్యేయన్నాను.

చేతికి పొడిగా తగిలే నారలో ఇంకా తడి ఉంటుంది. వేడి అచ్చులో ఆ తడి బంకను గొలుసు తెంపినట్టు తెంపేస్తుంది. ప్లేటు ఆ రోజు గట్టిగానే కనపడుతుంది. తర్వాత లోపల్నుంచి కుళ్లడం మొదలవుతుంది. పైపొర చివరిదాకా నున్నగానే ఉంటుంది. ఈ సంగతి నేను వేరేవాళ్లకు పాఠంగా చెప్పినదాన్ని.

ఆ ఎనిమిది మందికీ ఆ ప్లేట్లే వేశారు. ముగ్గురికి తొడలో, ముగ్గురికి కాలి పిక్క ఎముకలో, ఒకామెకు దవడలో, ఒకతనికి మెడలో. తొమ్మిదోది నాకే. చరియ విరిగిన రెండు వారాలకు షెడ్డు మెట్ల మీద జారి ముంజేయి విరగ్గొట్టుకున్నాను. మిగిలిన ప్లేటు నాకు వేశారు.

నాలుగు రోజుల నుంచి ఆ చోట దురద పెడుతోంది. ఎముక అతుక్కుంటోంది కాబోలు అనుకుని సంతోషించాను.

వానలో 99వ రోజు

డాక్టరుగారు వార్డులో ఉండగా వెళ్లాను.

"బావు, ఒకసారి షెడ్డుకి రండి."

"ఇపుడా? మనుషులు కూర్చున్నారు దాలమ్మా."

"ఇపుడే బావు."

నా మొహం చూసి ఇంకేమీ అడగకుండా వచ్చారు. ఆయన ముందే నాలుగో ముక్కను వంచాను. కారిన గంజిని ఆయన వేలితో తీసి వాసన చూశారు.

"ఏ పోత?"

"పంతొమ్మిది."

ఆయన పీట మీద కూర్చున్నారు. ఒళ్లో ఉన్న చేతివేళ్లు ఒక్కొక్కటే ముడుచుకోవడం చూశాను. మనుషులను లెక్కపెడుతున్నారు. తొమ్మిదో వేలు దగ్గర నా చేతివైపు చూశారు.

"ఎక్సరే తీస్తే తెలీదేటి బావూ?"

"ఎముక కనపడుద్ది. అతుక్కుందో లేదో తెలుస్తాది. ఈ ప్లేటు మాత్రం ఎక్సరేలో పడదు. లోపల ఎలగుందో కోసి చూస్తేనే." వేలికి అంటిన గంజి తుడుచుకున్నారు. "ఏల ఇలగయింది?"

చెప్పాను. నలభై ఎనిమిది, పదకొండు, అన్నీ.

"నిన్ను నేను అడిగేను. ఆ గుమ్మంలోనే నిలబడి అడిగేను."

"అడిగేరు బావు. నానే అయ్యేయన్నాను."

"అవలేదని నువ్వు చెప్పుంటే..." అని ఆగిపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చెప్పుంటే మాత్రం నేను ఆగేవాణ్ణా? ఏమో. నాకే తెలీదు."

ముందు కొత్త ప్లేట్లు పోసుకుందాం, ఆ తర్వాతే అందరికీ చెబుదాం అన్నారాయన. ఇప్పుడే చెబితే జనం బెంబేలెత్తిపోతారు, భయంతో అటూ ఇటూ కదిలితే అదే ప్రమాదం. ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు. ఒప్పుకోవాలని నాకెంత ఆశ కలిగిందో రాయడానికి సిగ్గుగా ఉంది. ఇంకో పది రోజులు ఎవరి కళ్లలోకీ చూడక్కర్లేదు.

"అసిరయ్య వారం నుంచి పనిలోకి వస్తన్నాడు బావు," అన్నాను. "తాడుబండి చక్రం తిప్పుతన్నాడు."

అసిరయ్యకే మెడలో ప్లేటు ఉంది.

డాక్టరుగారు లేచి నిలబడ్డారు. "నడు," అన్నారు.

వానలో దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్లాం. అసిరయ్య రెండు కాళ్లూ నేలకు తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వాల్చి చక్రం తిప్పుతున్నాడు. మెడ నరాలు తాళ్లలా బిగుసుకుని ఉన్నాయి. వాళ్లావిడ నీలమ్మ పక్కన గట్టు మీద కూర్చుని, తెచ్చిన అంబలి గిన్నెలో పోస్తోంది.

"అసిరయ్యా, అది వదిలీసి మెల్లగా కూకో," అన్నాను.

"ఏటైందప్పా? బండి మద్దెలో ఉన్నాది. ఇద్దరు మనుసులున్నారందులో."

డాక్టరుగారు వెళ్లి చక్రం తన చేతుల్లోకి తీసుకున్నారు. అరవై దాటిన మనిషి. చక్రం ఒక్కసారి వెనక్కి గుంజింది, లోయ మీద బండి ఊగింది, లోపల ఎవరో కేక పెట్టారు. ఆయన పళ్లు బిగించి నిలదొక్కుకున్నారు.

"నీ మెడలో ఏసిన ప్లేటు నాను సరిగ్గా పొయ్యనేదు," అన్నాను. "అది లోపల కరిగిపోతన్నాదేమోనని మా బయ్యం."

అసిరయ్య నీలమ్మ వైపు తిరగబోయాడు.

"తల తిప్పకు!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అతను అలాగే ఆగిపోయాడు. మనిషంతా రాయిలా అయిపోయి కళ్లు మాత్రం కదులుతున్నాయి, నా మీదికి, నీలమ్మ మీదికి, మళ్లీ నా మీదికి.

"ఇపుడు నా మెడలో ఏటున్నాదప్పా?"

"నాకు తెలీదు."

"నువ్వే కదా సేసినావు."

"నానే సేసినాను. అయినా తెలీదు."

టికెట్ల గది తలుపు ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి, తలకు రెండువైపులా ఇసుక సంచులు పెట్టి ఆసుపత్రికి మోసుకొచ్చాం. నీలమ్మ తలుపు పక్కనే నడిచింది. చేతిలో అంబలి గిన్నె అలాగే ఉంది, అందులో వాన నీళ్లు నిండుతున్నాయి.

వానలో 100వ రోజు

ఎనిమిది మందినీ వార్డులో చేర్చాం. నేనే చెబుతానన్నాను. డాక్టరుగారు నా పక్కన నిలబడ్డారు.

దవడలో ప్లేటు ఉన్న సుందరమ్మ అప్పటిదాకా వేరుశనగలు నములుతోంది. నమలడం ఆపి, రెండు చేతులతో దవడ పట్టుకుంది. నోట్లో ఉన్నవాటిని మింగాలో ఉమ్మాలో తెలియక అలాగే కూర్చుండిపోయింది. తాపీపని చేసే గంగులు నవ్వాడు. "నాలుగొందల మెట్లు నడిసి దిగొచ్చినాను గదేటి ఇపుడు!" అన్నాడు. నవ్వుతూనే మంచం అంచు మీద కూర్చున్నాడు. తర్వాత రెండు చేతులతో కాలు మెల్లగా ఎత్తి మంచం మీద పెట్టుకున్నాడు. తొడ విరిగిన సన్నెమ్మ అందరికన్నా పెద్దది, డెబ్భై ఉంటాయి. "మళ్లీ కోస్తారేటమ్మా?" అని ఒక్కటే అడిగింది.

ఎవరూ నన్ను కొట్టలేదు. అంతకు సిద్ధపడి వెళ్లాను. వాళ్లు చేసింది ఒకటే, ఒంట్లో ఆ చోటు మీద చెయ్యి పెట్టుకుని కదలకుండా కూర్చోవడం. నేను కూడా తెలియకుండానే నా ముంజేయి పట్టుకుని నిలబడ్డానని తర్వాత నర్సు రత్నాలు చెప్పింది.

బంక ఒక్క డబ్బానే ఉంది. ఆరు ప్లేట్లకు వస్తుంది. ఇంకో డబ్బా పులిసి, ఉడికి చేతికి రావాలంటే రెండు నెలలు. మత్తుమందు కూడా ఆరుగురికే. ఎక్సరేలో పిక్క ఎముక విరిగిన ఇద్దరికి ఎముక బాగా అతుక్కున్నట్టు కనపడింది. వాళ్లకు వెదురుబద్దలు కట్టి ఊరుకోవచ్చన్నారు డాక్టరుగారు. మిగిలిన ఆరుగురికీ కొత్త ప్లేట్లు వెయ్యాలి. నాకు అక్కర్లేదు.

సాయంత్రం నాలుగు గంటలకు నార పెట్టెలో పెట్టాను. ఎల్లుండి నాలుగు దాకా తియ్యకూడదు. ఈసారి గడియారాన్ని కూడా నమ్మను. గంటగంటకీ ఒక పాయ తీసి తూచాలి. తడి పోతున్నంతసేపూ బరువు తగ్గుతుంది. వరసగా మూడు తూకాల్లో ఏమాత్రం తగ్గకపోతేనే ఎండినట్టు.

లోపల ప్లేట్లు ఎంత చెడ్డాయో తెలిస్తే తప్ప ఎవరిని ముందు కొయ్యాలో తేల్చుకోలేకపోతున్నారు డాక్టరుగారు. ఎవరో ఒకరిని కోసి చూడాలి. నా చెయ్యి ఉంది కదా అన్నాను. దానికి మత్తు కూడా అక్కర్లేదు, చంకలో సూది వేస్తే చాలు.

వానలో 101వ రోజు

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి.

"అటు తిరుగు," అన్నారు డాక్టరుగారు.

"చూస్తాను బావు."

రత్నాలు దీపం దగ్గరగా పట్టుకుంది. చెయ్యి నాది కాదన్నట్టు మొద్దుబారి ఉంది. ఆయన కోశారు, పక్కకు లాగారు. ప్లేటు కనపడింది. నున్నగా, లేత పసుపురంగులో, పోసిననాడు ఉన్నట్టే ఉంది. ఒక్క క్షణం ఎంత ఆశ కలిగిందో! నా ప్లేటు బాగుంది, అయితే అందరివీ బాగుంటాయి అనుకున్నాను.

ఆయన పటకారుతో దాన్ని పట్టుకున్నారు. పొంగిన పొక్కు చితికినట్టు చితికింది. తెల్లటి గంజి నా కండ మీదుగా బల్ల మీదికి కారింది. అదే వాసన.

కింద ఎముక సగమే అతుక్కుంది. ప్లేటు ఆనిన చోటంతా చిన్నచిన్న గుంటలు పడి ఉన్నాయి. ప్లేటు అంతా ఒక్కసారి కరగడంతో గుల్లల పొడి ఆ పులుపుకు చాలలేదు. అది ఎముకను తింటోంది. నాకు దురద పెట్టింది అందుకే.

డాక్టరుగారు గంజినంతా ఉప్పునీళ్లతో కడిగి, కుట్లు వేసి, వెదురుబద్దలు కట్టారు. చేతులు కడుక్కుంటూ అన్నారు: "నీది తొమ్మిది వారాలది. వాళ్లవి పదకొండు."

మధ్యాహ్నం వార్డులో ఎవరు దగ్గినా తల ఎత్తి చూస్తున్నాను. అసిరయ్యకు మాటిమాటికీ దగ్గు వస్తోంది. వానలో మోసుకొచ్చినప్పుడు పట్టుకుంది. దగ్గినప్పుడల్లా ఇసుక సంచులు జారుతున్నాయి.

వానలో 103వ రోజు

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. నిన్న రాయడానికి చెయ్యి ఖాళీ లేదు.

పొద్దున్న ఏడు గంటలకు నార తూస్తుంటే డాక్టరుగారు షెడ్డు గుమ్మంలోకి వచ్చారు.

"అసిరయ్యకి ఎడమచెయ్యి తిమ్మిరెక్కిపోయింది. వేళ్లు ముడవలేకపోతున్నాడు. ఎముక జారి నరాన్ని నొక్కుతున్నాది. ప్లేటు ఇపుడే కావాలి."

"ఇంకా తొమ్మిది గంటలుంది బావు."

"తొమ్మిది గంటలు నా దగ్గర లేవు దాలమ్మా. ఆ ఎముక ఇంకొంచెం జారితే చెయ్యే కాదు, ఊపిరే ఆగిపోద్ది."

తక్కెడ చూశాను. ఆరు గంటలప్పటికన్నా బరువు ఇంకా తగ్గింది.

"ఎంత తగ్గింది?"

"ఆవగింజంత."

"ఆవగింజంత తడి కోసం మనిషిని చంపుకుంటావా?"

"ఆవేళ చేత్తో తాకితే ఆవగింజంత కూడా తెలీలేదు బావు." డబ్బా మూత తీసి చూపించాను. "బంక ఇదొక్క డబ్బాయే. ఇపుడు పాడయితే అసిరయ్యకీ ఉండదు, మిగతా ఐదుగురికీ ఉండదు. మళ్లీ రెండు నెలలు."

"నువ్వు భయపడుతున్నావు!" ఆయన అరిచారు. ఇరవై ఏళ్లలో ఆయన నా మీద అరవడం అదే మొదటిసారి. "ఆ రోజు చేసిన తప్పుకి ఇవాళ భయపడి వాణ్ణి చంపేస్తావు!"

"భయపడతన్నాను బావు. ఇయ్యను."

ఆయన గుమ్మాన్ని అరచేత్తో గట్టిగా కొట్టి వెళ్లిపోయారు. తక్కెడ ముందు నేల మీద కూలబడ్డాను. ఆయన చెప్పిందే నిజమేమో. సరైనదాని కోసం ఆగుతున్నానో, తప్పు మళ్లీ నా మీద పడకూడదని ఆగుతున్నానో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

కాసేపటికి ఆయన తిరిగి వచ్చారు. ఈసారి గొంతు నెమ్మదిగా ఉంది.

"సరే. అయితే రా. అంతదాకా ఆ తల నువ్వే పట్టుకో."

నార తూచే పని రత్నాలుకు అప్పగించాను. గంటగంటకీ తూచి, అంకె ఎంతో కిటికీలోంచి అరిచి చెప్పాలి.

అసిరయ్య తల దగ్గర నీలమ్మ అప్పటికే ఉంది. రెండు అరచేతులూ అతని చెవుల మీద ఆనించి పట్టుకుంది. నేను పీట లాక్కుని కూర్చుని, ఎడమచెయ్యి అతని మెడ కింద పెట్టాను. దగ్గు వచ్చే ముందు అతని గొంతులో చిన్న వణుకు పుడుతుంది. అది నా వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు ఇద్దరం ఒకేసారి బిగించి పట్టుకోవాలి. ఎక్కువ బిగించకూడదు. దగ్గు ఎటు తోస్తే చేతులు అటు తోడు వెళ్లాలి, తలా ఒళ్లూ ఒకే చెక్కలా ఉండాలి. ఇసుక సంచికి ఆ పని చేతకాదు.

ఎనిమిదికి రత్నాలు అంకె చెప్పింది. తగ్గింది. తొమ్మిదికి తగ్గింది. పదికి తగ్గింది.

నా వేళ్ల కింద ఒకచోట, మెడ వెనక, దగ్గినప్పుడు ఏదో కదిలేది. గింజ జరిగినట్టు, చిన్నగా. నీలమ్మకు చెప్పలేదు. ఆమె నా వైపు చూడనే లేదు. మా చేతులు ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి.

పదకొండు దాటాక అసిరయ్య పెదవులు కదిపాడు.

"అప్పా."

"మాటాడకు."

"ఆ బండిలో ఇద్దరూ దిగినారేటి?"

"దిగినారు. డాక్టరుబాబే తిప్పినారు."

"ఆయన తిప్పితే దిగినారంటే... ఆలది మంచి జాతకవే."

అతని గొంతులో వణుకు పుట్టింది. అది దగ్గు కాదు.

"నవ్వకు!" అని నేనూ నీలమ్మా ఒకేసారి అరిచాం.

నవ్వు ఆగింది. అతని కళ్ల చివర్ల నుంచి నీళ్లు కారి నీలమ్మ వేళ్ల మీదుగా దిగాయి. "బయ్యమేస్తన్నాదే," అన్నాడు ఆమెతో. ఆమె వంగి అతని నుదుటి మీద తన నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది.

ఒంటిగంటకు అంకె వెంట్రుకంత తగ్గింది. రెండింటికి కదల్లేదు. డాక్టరుగారు గుమ్మంలో నిలబడి నన్ను చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. మూడింటికీ అదే అంకె. నా చెయ్యి భుజం దాకా కొయ్యబారిపోయింది, కోసిన చెయ్యి మంటలు పెడుతోంది. అసిరయ్య కుడిచేతి చిటికెన వేలు కూడా తిమ్మిరి అంటున్నాడు. నాలుగుకు ఇంకా పావుగంట ఉందనగా, తీసేద్దాం, ఇక చాలు అని నోటిదాకా వచ్చింది.

నాలుగింటికి రత్నాలు కిటికీలోంచి అరిచింది. అదే అంకె.

నా చోట డాక్టరుగారు కూర్చున్నారు. నేను షెడ్డుకు పరిగెత్తాను. ఒంటిచేత్తో కలపడం నా వల్ల కాలేదు, నేను చెబుతుంటే రత్నాలు కలిపింది. ఆరు అచ్చులు. ఆరు గంటలకు మొదటి ప్లేటు తీసి, చల్లార్చి, మందునీళ్లలో ముంచి థియేటరుకు పంపించాను.

మెడ కోసినప్పుడు నేను అక్కడ లేను. పాత ప్లేటు రెండు ముక్కలై ఉందని, మధ్య భాగాన్ని డాక్టరుగారు చెంచాతో తీశారని రత్నాలు చెప్పింది.

వానలో 121వ రోజు

అసిరయ్య బతికాడు. కూర్చుంటున్నాడు, వార్డు గుమ్మం దాకా నడుస్తున్నాడు. కుడిచెయ్యి బాగుంది. ఎడమచేతి రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు, ఇక ముడుచుకోవన్నారు డాక్టరుగారు. తాడుబండి చక్రం అతను మళ్లీ తిప్పలేడు. పొద్దున్న ఏడింటికే ప్లేటు వేసి ఉంటే ఆ వేళ్లు బాగుండేవా అని డాక్టరుగారిని అడిగాను. ఉండేవేమో అన్నారు. ఆ ప్లేటు మూడు నెలలకు మళ్లీ గంజి అయ్యేదేమో అని కూడా అన్నారు. రెండోది నాకోసమే అన్నారనిపించింది.

సుందరమ్మ దవడ, గంగులు కాలు, రెండు తొడలు బాగున్నాయి. పిక్క ఎముకల ఇద్దరూ వెదురుబద్దలతో ఇళ్లకు వెళ్లారు.

సన్నెమ్మ లేదు. రెండోసారి మత్తు ఇచ్చాక ఆమె కళ్లు తెరవలేదు. ఆమె నన్ను అడిగిన ఒక్క మాటకు నేను జవాబు చెప్పలేదు. కోస్తాం అమ్మా అని చెప్పి ఉండాల్సింది. దహనానికి వెళ్లాను. వాళ్ల కోడలు నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. పొమ్మని ఉంటే బాగుండేది.

ఇరవయ్యో రోజు కాగితం మీద "పూర్తి" అన్న మాట కొట్టేసి, పక్కన "పదకొండు గంటలు" అని రాసి, ఇవాళ్టి తేదీతో సంతకం చేశాను. దాన్ని తీసుకెళ్లి మెట్టు పెద్దల ముందు పెట్టాను. ఈ పని నానుంచి తీసేయమని అడిగాను. ప్లేటు ఎవరి ఒంట్లో ఉందో ఆ ఇళ్లవాళ్లను అడిగి చెబుతామన్నారు.

ఇవాళ మధ్యాహ్నం నీలమ్మ షెడ్డుకు వచ్చింది. లోపలికి రాలేదు. చూరు కింద నిలబడింది.

"పెద్దలు అడగనంపినారు. నిన్ను ఉంచాలా, మానిపించాలా అని."

"ఏటి సెప్పినావు?"

"ఇంకా సెప్పనేదు." అచ్చుల వైపు, పెట్టె వైపు, గుల్లల పొడి అంటిన నా చీర వైపు చూసింది. "ఈ పని ఇంకెవులికైనా వచ్చునా?"

"సగం సగం రత్నాలికి వచ్చు. పూర్తిగా నేర్పాలంటే రెండేళ్లు."

"రెండేళ్లు," అంది. "నిన్ను సూత్తే నా ఒళ్లు మండిపోతన్నాది దాలమ్మా." ఎప్పుడూ అక్క వరసలో అప్పా అనేది, ఇవాళ అనలేదు.

"తెలుసు."

తడిసిన కొంగు పిండుకుంది. తర్వాత అడిగింది:

"ఇపుడు ఈ పని సేత్తంటే నీకు బయ్యమేస్తన్నాదా?"

ఒక్క క్షణం, లేదని చెప్పాలనిపించింది. భయం లేని చేతులనే జనం నమ్ముతారని.

"ఏస్తన్నాది," అన్నాను. "నార ముట్టుకుంటే సేతులు వణుకుతన్నాయి. పది తడవలు తూసినా నమ్మకం కుదరట్లేదు. కూడు దిగట్లేదు."

నీలమ్మ నా మొహంలోకి చూసింది. తాడుబండి దగ్గర ఆ రోజు నుంచి ఆమె నన్ను సూటిగా చూడడం అదే మొదలు.

"అయితే నువ్వే సెయ్యి," అంది. కొంగు నెత్తిన వేసుకుని వానలోకి వెళ్లిపోయింది.